మెట్టెలు సరిపోతాయి... పట్టీలు పట్టవు!

పోయిన ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరు నా దగ్గరకు వచ్చారు. తల్లికి నలభై రెండేళ్ళుంటాయి. హనుమకొండలో ఒక బడిలో పంతులమ్మ. కూతురు ఇంటరు రెండో సంవత్సరం. తల్లి చేతిసంచీలోంచి లావుపాటి ఫైలొకటి తీసి నా బల్లమీద పెట్టింది. అందులో పద్నాలుగేళ్ళ చీటీలున్నాయి.

“సార్, నా సంగతి ఎట్లనో ఎల్లిపోయింది. ఈ పిల్లదన్నా జర మంచిగ చూడుండ్రి” అన్నదామె.

ఫైలు తిరగేశాను. ఒక డాక్టరు బోదకాలని రాసి ఫైలేరియా మాత్రలిచ్చారు. ఇంకొకరు స్థూలకాయమని రాసి రాత్రిపూట అన్నం మానేయమన్నారు. మరొకరు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలిచ్చారు. కీళ్ళవాతమని ఒకరు, థైరాయిడ్ ఏమోనని ఒకరు. ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. కాళ్ళు మాత్రం ఏటేటా లావెక్కుతూనే ఉన్నాయి.

నేను ఆమెను రెండే ప్రశ్నలు అడిగాను.

“మెట్టెలు ఎన్నిసార్లు మార్చారమ్మా?”

“మార్చుడెందుకు సార్? పెళ్ళినాటివే.”

“మరి పట్టీలు?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “పిల్ల పుట్టినప్పటిసంది పడతలేవు సార్. తీసి బీరువాల పెట్టిన.”

పక్కన కూర్చున్న అమ్మాయి తలవంచుకుని, “నాయి గూడ పోయినేడు నుంచి పడతలేవు సార్” అన్నది.

రోగం ఏమిటో సగం ఆ మాటల్లోనే తెలిసిపోయింది. మిగతా సగం కాళ్ళు చూసి తెలుసుకున్నాను. వారిద్దరి అనుమతితో, ఆనవాళ్ళు కొంచెం మార్చి ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి ఫైలు పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న ఇల్లాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ పత్రిక వాళ్ళ ఇళ్ళకూ వస్తుంది.

కొవ్వే, కాని మామూలు కొవ్వు కాదు

ఈ జబ్బు పేరు లిపెడీమా. గ్రీకు భాషలో లిపో అంటే కొవ్వు, ఎడీమా అంటే వాపు. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు ఎలెన్, హైన్స్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి వర్ణించి ఈ పేరు పెట్టారు. అంటే జబ్బు కొత్తదేమీ కాదు. అయినా నేను ఎం.బి.బి.ఎస్. చదివిన రోజుల్లో మా పాఠాల్లో ఈ పేరు వినలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక పదకొండవ కూర్పు 2022 జనవరిలో అమలులోకి వచ్చింది. అందులో దీనికి విడిగా స్థానమిచ్చారు. ఇది తెలియని డాక్టరు మీకు తటస్థపడితే ఆశ్చర్యపడవలసింది లేదు. ఆయన చెడ్డ డాక్టరనీ అనుకోనక్కరలేదు.

ఈ జబ్బు దాదాపుగా ఆడవాళ్ళకే వస్తుంది. పెద్దమనిషి అయిన కొత్తలోగాని, కాన్పుల సమయంలోగాని, ముట్లుడిగే వయసులోగాని మొదలవుతుంది. శరీరంలో హార్మోనులు మారే కాలాలివే. తల్లికో, మేనత్తకో, అమ్మమ్మకో ఇలాంటి కాళ్ళే ఉండడం తరచుగా చూస్తాం. పిరుదులు, తొడలు, మోకాళ్ళ లోపలివైపు, పిక్కలు, రెండు కాళ్ళూ ఒకే తీరున లావెక్కుతాయి. కొందరికి మోచేతి పైభాగాలు కూడా లావవుతాయి. నడుము సన్నగానే ఉండవచ్చు. జాకెట్టు కొలత ఒకటి, సల్వారు కొలత మరొకటి. దర్జీకి అందరికంటే ముందు తెలిసే జబ్బు ఇది.

ఈ లావు సరిగ్గా చీలమండ దగ్గర ఆగిపోతుంది. అక్కడ కడియం పెట్టినట్టు ఒక అంచు కనబడుతుంది. దాని కింద పాదం మామూలుగా, సన్నగా ఉంటుంది. అందుకే మెట్టెలు సరిపోతాయి, పట్టీలు పట్టవు.

ఇంకో ముఖ్యమైన గుర్తు నొప్పి. మామూలు కొవ్వు నొక్కితే నొప్పి పెట్టదు. లిపెడీమా ఉన్న తొడమీద పసిపిల్ల మోకాలు ఆనినా కొందరికి ప్రాణం జివ్వుమంటుంది. మంచం కోడు చిన్నగా తగిలినా నల్లగా కమిలిపోతుంది. ఎప్పుడు తగిలిందో కూడా గుర్తుండదు. సాయంత్రానికి కాళ్ళు ఇసుక బస్తాల్లా బరువెక్కుతాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడి వచ్చాక పడుచు పిల్లలు మర్నాటికి తేరుకుంటారు. వీళ్ళు తేరుకోరు.

అన్నిటికంటే బాధ పెట్టేది మరొకటి ఉన్నది. ఉపవాసాలుంటే ముఖం పీక్కుపోతుంది, మెడ ఎముకలు బయటపడతాయి, నడుము తగ్గుతుంది. కాళ్ళు మాత్రం ఆ మేరకు తగ్గవు. అది చూసినవాళ్ళు “దొంగతనంగా తింటున్నదేమో” అనుకుంటారు.

మన ప్రాంతంలో ప్రతి లావుకాలూ బోదకాలేనా?

తెలంగాణ జిల్లాల్లో ఫైలేరియా ఉన్నమాట నిజం. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారా ఆ సన్నని పురుగు ఒకరి నుంచి ఇంకొకరికి చేరుతుంది. శరీరంలో వ్యర్థ ద్రవాన్ని తీసుకుపోయే లింఫ్ నాళాలను పాడుచేస్తుంది. నీరు నిలిచి కాలు ఉబ్బుతుంది. మన దేశంలో 1955 నుంచీ దీనిమీద జాతీయ కార్యక్రమం నడుస్తున్నది. 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి మాత్రలు మింగిస్తున్నారు. ఈ జబ్బుతో కాళ్ళు చెడినవాళ్ళకు మన రాష్ట్రంలో పింఛను కూడా ఉన్నది.

ఇంతగా తెలిసిన జబ్బు గనుక, ఆడమనిషి కాలు లావుగా కనబడితే చాలు “బోదకాలు” అనేస్తారు. ఆ మాట ఒకసారి పడిందంటే ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు వెనకాడతారు, పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళు వెనుదిరుగుతారు. నిజంగా బోదకాలే అయినా ఇలా వెలివేయడం తప్పు. ఒకరి కాలు తాకినందువల్ల, ఒకే ఇంట్లో ఉన్నందువల్ల బోదకాలు రాదు. దోమ కుట్టాలి. ఒకసారి కాదు, నెలలు, ఏళ్ళ తరబడి కుడుతుండాలి.

రెండింటికీ తేడాలు చూడండి. బోదకాలు చాలావరకు ఒక కాలితో మొదలవుతుంది. రెండు కాళ్ళకూ వచ్చినా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా ఉంటాయి. పాదం పైభాగం, వేళ్ళు కూడా ఉబ్బుతాయి. మెట్టెలు బిగిసి, ఒక్కోసారి కత్తిరించి తీయవలసి వస్తుంది. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళలు, కాలు ఎర్రబడడం అప్పుడప్పుడూ వస్తుంటాయి. పోనుపోను చర్మం మందంగా, గరుకుగా మారుతుంది. లిపెడీమాలో ఇవి ఉండవు. చర్మం మెత్తగానే ఉంటుంది. నొక్కి చూస్తే లోపల రవ్వ ఉన్నట్టో, చిన్న గోళీలు ఉన్నట్టో తగులుతుంది.

ఫైలేరియాకు రాత్రిపూట రక్తం తీస్తారు. ఆ పురుగు పిల్లలు రాత్రివేళల్లోనే ఒంటిపై రక్తనాళాల్లోకి వస్తాయి. పగలైనా చేయగలిగిన పట్టీ పరీక్ష ఇప్పుడున్నది. అయితే కాలు బాగా లావెక్కిన పాత రోగుల రక్తంలో పురుగు పిల్లలు తరచుగా కనబడవు. కనుక రక్తపరీక్షతోనే అవుననీ కాదనీ తేల్చేయకూడదు. కాలు చూసిన కన్ను, పట్టి చూసిన చెయ్యి కూడా కావాలి.

ఒక హెచ్చరిక. “నాది బోదకాలు కాదని డాక్టరు రాశాడుగా” అని ఆరోగ్య కార్యకర్తలు ఏటా ఇచ్చే మాత్రలు మానకండి. అవి ఊరందరినీ కాపాడడానికి ఇచ్చేవి. గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, తీవ్రమైన జబ్బుతో మంచానపడ్డవాళ్ళు తప్ప అందరూ మింగవలసినవే. లిపెడీమాను నయం చేస్తాయనుకుని ఏళ్ళతరబడి విడిగా కొని మింగడం మాత్రం దండగ.

ఇంట్లో మీరే చూసుకోండి

అద్దం ముందు నిలబడి ఈ ఐదూ చూసుకోండి.

ఒకటి: రెండు కాళ్ళూ ఒకే తీరున ఉన్నాయా, ఒకటే ఎక్కువగా ఉన్నదా?

రెండు: పాదాలు సన్నగానే ఉన్నాయా? చీలమండ పైన అంచు ఉన్నదా?

మూడు: కాలి రెండో వేలు మొదట్లో, అంటే మీరు మెట్టె పెట్టుకునే చోట, చర్మాన్ని బొటనవేలితో, చూపుడువేలితో చిటికెడు పట్టి పైకెత్తండి. తేలిగ్గా లేస్తే లింఫ్ వాపు ఉండే అవకాశం తక్కువ. మందంగా ఉండి పట్టు దొరకకపోతే లింఫ్ వాపును అనుమానించాలి. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరానికి చెందిన స్టెమ్మర్ అనే డాక్టరు 1976లో ఈ గుర్తును ప్రచురించారు. పైసా ఖర్చులేని పరీక్ష. అయితే నూటికి నూరుపాళ్ళూ నమ్మదగింది మాత్రం కాదు.

నాలుగు: ముంగాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా కాసేపు నొక్కి వదలండి. గుంటపడి అలాగే ఉండిపోతే అది నీరు. గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తహీనత, ఏదైనా కారణం కావచ్చు. లిపెడీమాలో, ముఖ్యంగా పొద్దున లేచిన వేళ, గుంట పడదు.

ఐదు: నొక్కితే నొప్పి ఉన్నదా? కారణం తెలియని కమిలిన మచ్చలున్నాయా?

ఇవి మీరు రోగనిర్ణయం చేసుకోవడానికి కాదు, డాక్టరుకు సరిగ్గా చెప్పడానికి.

నేను చేసిన తప్పు

ఇరవై ఏళ్ళ క్రితం నేనొక చిన్న పట్నంలో ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. కూరగాయలమ్మే ఒకావిడ మూడుసార్లు వచ్చింది. కాళ్ళు బరువు, నొప్పి అన్నది. బయట వంద మంది వరుసలో ఉన్నారు. ఆమె చీర కుచ్చెళ్ళు జానెడు ఎత్తింది. చీలమండ చూశాను, పాదం చూశాను. నీరు లేదు. “లావు తగ్గాలమ్మా, నోరు కట్టుకో” అన్నాను. మూడోసారి ఆమె, “పొద్దున రెండు ఇడ్లీలు, రాత్రి ఒక రొట్టె. ఇంకేం కట్టుకోవాలె సార్?” అన్నది. నాకు కోపం వచ్చింది. ఆమె మళ్ళీ రాలేదు.

ఆమె అబద్ధం చెప్పలేదని నాకు కొన్నేళ్ళ తరవాత, ఈ జబ్బు గురించి చదివినప్పుడు అర్థమైంది. నేను చూసింది జబ్బు లేని చోటు. జబ్బంతా చీర మాటునే ఉండిపోయింది. ఆమె సిగ్గుతో చూపలేదు, నేను తొందరలో అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణం.

మరి ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. కంటికి కంటి డాక్టరు, పంటికి పంటి డాక్టరు ఉన్నట్టు దీనికి విడిగా ఒక డాక్టరు లేరు. “లిపెడీమా స్పెషలిస్టు” అని బోర్డు కోసం వెదికితే కాలం వృథా. వరసగా ఇలా వెళ్ళండి.

మొదటి మెట్టు జనరల్ ఫిజీషియన్. ఆయన పని ముందు ప్రమాదకరమైన వాటిని తోసిపుచ్చడం. రక్తపోటు, మూత్రంలో ప్రోటీను, క్రియాటినిను, కాలేయ పరీక్షలు, హిమోగ్లోబిను, థైరాయిడ్, అవసరమైతే గుండెకు ఎకో. వీటిలో చాలాభాగం ప్రభుత్వ ఆస్పత్రిలోనే జరుగుతాయి. వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆస్పత్రి 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి బోధనాస్పత్రి. అక్కడ మెడిసిన్ ఓ.పి.లో చీటీ రాయించుకుంటే చాలు. మీరు వాడే మందులన్నీ చూపండి. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వంటి మాత్రలవల్ల కూడా కాళ్ళు వాచవచ్చు. డాక్టరే మారుస్తారు. మీ అంతట మీరు ఆపకండి.

రెండో మెట్టు రక్తనాళాల సర్జన్, అంటే వాస్కులర్ సర్జన్. సిరలు, ధమనులు, లింఫ్ నాళాలు, మూడూ తెలిసినవాడు గనుక కాళ్ళ లావుల మధ్య తేడా చెప్పడానికి ఎక్కువ అవకాశం ఈయనకే ఉన్నది. డాప్లర్ స్కానుతో సిరలు చూస్తారు. హైదరాబాదులో పంజాగుట్ట నిమ్స్‌లో ఈ విభాగం ఉన్నది. మీ ఊళ్ళో వాస్కులర్ సర్జన్ లేకపోతే జనరల్ సర్జన్‌కు చూపించి, కావాలంటే చీటీ రాయించుకుని అక్కడికి వెళ్ళండి. కాజీపేటలో పొద్దుటి రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒక జాగ్రత్త. డాప్లర్‌లో సిర కవాటాల్లో చిన్న లోపం కనబడవచ్చు. దానికి లేజరు చేయిస్తే ఆ సిర బాగుపడుతుందేమోగాని కాళ్ళు సన్నబడవు. “ఇది చేస్తే నా కాళ్ళ లావు తగ్గుతుందా?” అని సూటిగా అడగండి.

మూడో మెట్టు ఫిజియోథెరపిస్టు. రోజువారీ వైద్యమంతా ఈయన చేతిలోనే ఉన్నది. లింఫ్ వాపులకు కట్లు కట్టడం, తేలికగా చేతితో నిమిరే పద్ధతి తెలిసినవారిని ఎంచుకోండి. నూనె పెట్టి గట్టిగా పిసికే మర్దన ఈ కాళ్ళకు పనికిరాదు. కమిలిపోతాయి.

నాలుగో మెట్టు ప్లాస్టిక్ సర్జన్. ఇది అందరికీ కాదు. పై మూడూ అయ్యాకనే ఆలోచించాలి. థైరాయిడ్, మధుమేహం ఉంటే హార్మోనుల డాక్టరు, ముట్లు సరిగా లేకపోతే స్త్రీల డాక్టరు, మోకాళ్ళు అరిగితే ఎముకల డాక్టరు తోడవుతారు. వీళ్ళందరినీ కలిపి చూసే ఒక ఫిజీషియన్‌ను మాత్రం మార్చకుండా పట్టుకోండి. పద్నాలుగేళ్ళలో తొమ్మిదిమందిని మార్చినామె ఫైలు ఎలా తయారైందో పైన చూశారుగా!

మంచి డాక్టరును పోల్చుకునేదెలా?

డిగ్రీలు చూసి కాదు. మిమ్మల్ని నిలబెట్టి, నడుము నుంచి కాలివేళ్ళదాకా రెండు కాళ్ళూ పక్కపక్కన చూసినవాడు, చేత్తో పట్టి చూసినవాడు, “మీ అమ్మగారి కాళ్ళు ఎలా ఉండేవి?” అని అడిగినవాడు, తెలియకపోతే “నాకు తెలియదు, ఫలానా చోటికి వెళ్ళండి” అని రాసిచ్చినవాడు మంచి డాక్టరు. మొదటిరోజే ఆపరేషన్ తారీఖు చెప్పేవాడి దగ్గర, పది రోజుల్లో కాళ్ళు కరిగిస్తానని పొడి అమ్మేవాడి దగ్గర జాగ్రత్త.

వెళ్ళేముందు మీరు చేయవలసినవి కూడా ఉన్నాయి.

ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, ఏ కాన్పు తరవాత పెరిగింది, ఇంట్లో ఇంకెవరికి ఉన్నది, ఇంతవరకు ఏమేం మందులు వాడారు. ఓ.పి.లో డాక్టరుకు దొరికేది రెండు నిమిషాలు. ఫైలంతా చదవలేరు, ఒక కాగితం చదువుతారు.

దర్జీ టేపుతో నెలకొకసారి, పొద్దున లేవగానే చీలమండ, పిక్క, తొడ, నడుము కొలిచి రాయండి. బరువు తూచే యంత్రం చెప్పని సంగతి ఆ టేపు చెబుతుంది.

సులువుగా పైకి జరిగే బట్టలు వేసుకోండి. మగ డాక్టరైతే నర్సునుగాని, ఇంటి ఆడమనిషినిగాని పక్కన ఉంచమని అడగండి. అది మీ హక్కు. అడిగినందుకు ఏ డాక్టరూ తప్పు పట్టడు. తొడలు చూపకుండా ఈ జబ్బు తేలదు. నేను చేసిన తప్పు ఇంకో డాక్టరు చేయకుండా ఆపడం మీ చేతుల్లో ఉన్నది.

వైద్యమేమిటి?

పూర్తిగా నయం చేసే మాత్రగాని, ఇంజెక్షనుగాని ఈనాటికి లేదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. కాని నొప్పి తగ్గించవచ్చు, పెరగకుండా చాలావరకు ఆపవచ్చు, నడక కాపాడవచ్చు.

బిగుతు మేజోళ్ళు ముఖ్యమైనవి. వీటిని కాలి కొలతలిచ్చి, డాక్టరు చెప్పిన బిగువుతోనే తీసుకోవాలి. మందుల దుకాణంలో అంచనాగా కొన్నవి మోకాలి కింద తాడులా బిగుసుకుని మేలుకంటే కీడు చేస్తాయి. పొద్దున మంచం దిగకముందే వేసుకుని రాత్రి తీసేయాలి. ఆరు నెలలు వాడితే సాగిపోతాయి, మార్చాలి. వరంగల్ ఎండల్లో, మే నెలలో రోజంతా వేసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎండాకాలం ఇంటి పనివేళల్లో నాలుగైదు గంటలైనా వేసుకోండి. అసలు మానేయకండి. మధుమేహం చాలాకాలంగా ఉన్నవాళ్ళు, నడిస్తే పిక్కలు పట్టేసేవాళ్ళు ముందుగా కాళ్ళ ధమనులు పరీక్ష చేయించుకోకుండా వేసుకోకూడదు.

నడక మంచిది. భద్రకాళి చెరువు గట్టుమీద పొద్దున అరగంట చాలు. పిక్కల కండరం కదిలినప్పుడల్లా కాలిలోని ద్రవాన్ని పైకి తోస్తుంది. నీటిలో నడవడం, ఈదడం ఇంకా మంచిది. నీటి ఒత్తిడే మేజోడులా పనిచేస్తుంది, మోకాళ్ళమీద బరువు పడదు.

తిండి సంగతి. కాళ్ళు సన్నబడాలని కడుపు మాడ్చుకోవద్దు. రక్తహీనత తప్ప మిగిలేదేమీ లేదు. అలాగని “నాది ఎలాగూ తగ్గదు” అని అదుపు తప్పవద్దు. లిపెడీమా మీద స్థూలకాయం కూడా చేరితే కాళ్ళ బరువు ఇంకా పెరుగుతుంది. ముదిరితే లింఫ్ నాళాలు కూడా చెడి పాదాలు వాచవచ్చు. పప్పు, గుడ్డు, కూరలు, పెరుగు సరిగా తిని, అన్నం, తీపి, నూనె అదుపులో ఉంచితే చాలు. మూత్రం పోయే మాత్రలు ఈ జబ్బుకు పనిచేయవు. కొవ్వు మూత్రంలో పోదు. ఊరికే వాడితే ఒంట్లో ఉప్పులు తగ్గి నీరసం, కండరాల నొప్పులు వస్తాయి. మరే జబ్బుకైనా రాసి ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా మానవద్దు.

ఇక ఆపరేషన్. సన్నని గొట్టంతో కొవ్వును లాగివేసే లైపోసక్షన్ వల్ల కొందరికి నొప్పి, బరువు తగ్గుతాయి. జర్మనీలో మూడవ దశకు చేరిన రోగులకు 2020 జనవరి నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమాయే ఈ ఖర్చు భరించసాగింది. దీన్నిబట్టి ఇది కేవలం అందం కోసం చేసేది కాదని తెలుస్తున్నది. అయితే ఒక్కసారితో అయ్యేది కాదు. రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం వంటి ప్రమాదాలున్నాయి. తరవాత కూడా మేజోళ్ళు తప్పకపోవచ్చు. “ఇంతవరకు లిపెడీమా కాళ్ళకు ఎన్ని చేశారు?” అని సర్జన్‌ను అడిగి తెలుసుకున్నాకనే ఒప్పుకోండి. నగలు తాకట్టు పెట్టి తొందరపడవలసిన ఆపరేషన్ కాదిది.

ఆగకూడని సందర్భాలు

ఒక్క కాలు ఒకటి రెండు రోజుల్లో వాచి పిక్క నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దానితోపాటు ఆయాసం, గుండెల్లో నొప్పి వస్తే ప్రాణాపాయం. పడుకుంటే ఆయాసం వస్తే గుండె, పొద్దున లేవగానే కళ్ళు ఉబ్బితే మూత్రపిండాలు చూపించుకోవాలి. కాలు ఎర్రబడి చలిజ్వరం వస్తే చర్మం లోపల చీము పట్టవచ్చు. గర్భిణికి ముఖం, చేతులు వాచి తలనొప్పి, కళ్ళు మసకలు వస్తే రక్తపోటు పెరిగిందన్నమాట. ఇవేవీ లిపెడీమా కాదు. “నా కాళ్ళెప్పుడూ ఇంతే” అని ఊరుకోకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి.

తల్లి అడిగిన చివరి ప్రశ్న

పరీక్షలయ్యాయి. తల్లీకూతుళ్ళిద్దరూ హైదరాబాదు వెళ్ళి చూపించుకు వచ్చారు. ఇద్దరిదీ లిపెడీమాయేనని అక్కడా అన్నారు. తల్లికి అనవసరపు మాత్రలు ఆపించాం. అమ్మాయికి ఇంకా మొదటి దశే గనుక మేజోళ్ళు, నడక, రాసిపెట్టుకునే కొలతలు చాలన్నారు.

వెళ్ళబోతూ తల్లి తలుపు దగ్గర ఆగింది. “సార్, రేపు దీనికి సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి చెప్పాల్నా?”

“చెప్పండమ్మా. దాచిన జబ్బుకే అనుమానాలెక్కువ. ఇది అంటుకునేది కాదు, బోదకాలు కాదు, పిల్లలు పుట్టడానికి అడ్డం కాదు. పుట్టే ఆడపిల్లకు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఇప్పుడు దానికి పేరున్నదని తెలుసుగదా. మీకు పద్నాలుగేళ్ళు పట్టింది. మీ పిల్లకు ఒక్క ఏడాది పట్టింది” అన్నాను.

ఆమె నవ్వలేదు. ఫైలు మాత్రం నా బల్లమీదే వదిలి, ఒక్క కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నది. మర్నాడు అమ్మాయి వచ్చి ఫైలు తీసుకుపోయింది. “పట్టీలకు రెండు లింకులు ఎక్కువ వేయించింది సార్, అమ్మ. తనవి, నావి గూడ” అన్నది.

మీ ఇంట్లో బీరువాలో పట్టీలు పడి ఉన్నాయా? ఒకసారి కాళ్ళకేసి చూసుకోండి.